బుడిపెల సీలింగ్

"గీకించేద్దామండీ" అంది భార్య.

"నేను బతికుండగా జరగదు" అన్నాడు భర్త.

గొడవంతా ఇంటి సీలింగ్ గురించి. పాత ఇల్లు. అన్ని గదుల్లోనూ సీలింగ్ నిండా బుడిపెలు, సుడులు, అలలు. ఇల్లు కట్టిన రోజుల్లో అదో ఫ్యాషన్. తడి ప్లాస్టర్ చేత్తో చల్లి, దాని మీద బ్రష్షు తిప్పేవారు. ఇప్పుడా బుడిపెల సందుల్లో దుమ్ము కాపురం పెట్టింది. ఫ్యాన్ వేస్తే చాలు, నలకలు రాలతాయి. భార్యకేమో ఆయాసం. ఆ దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. దాని కిందే కాపురం చేస్తూ దూరంగా ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు.

భర్తకు బీమా ఆఫీసులో ఉద్యోగం. ఇల్లు కొన్న కొత్తలో ఆయనకూ ఆ సీలింగ్ నచ్చలేదు. పాత ఇళ్ల మీద ఒక పెద్దాయన చేసే వీడియోలు చూడటం మొదలుపెట్టాక పిచ్చి తలకెక్కింది. అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా కుర్చీ చూపించడు, సీలింగ్ చూపిస్తాడు. వచ్చినవాళ్ళు మెడ నొక్కుకుంటూ వెళ్ళిపోతారు.

"ఒరేయ్, నా టీలో మళ్ళీ ఏదో పడిందిరా" అని మొత్తుకుంటుంది తల్లి.

"అది చరిత్రమ్మా, తాగెయ్" అంటాడు.

"నున్నటి సీలింగ్ కావాలట! బోడిగుండుకీ దానికీ తేడా ఏముంది?" అని భార్యను వెక్కిరిస్తూ తన బట్టతల నిమురుకుంటాడు. "నీకు కళ్ళున్నాయి గానీ చూపు లేదే" అని కూడా అంటాడు. గ్లాసు పగిలితే ఏడాదంతా గుర్తుచేసే మనిషి. ఆయనతో ఎందుకొచ్చిన తంటా అని ఆవిడ చాలా సంగతులు కడుపులోనే దాచుకుంటూ వచ్చింది.

ఈ మధ్య వంటింటి సీలింగ్‌లో, స్టవ్వుకు సరిగ్గా పైన ఉన్న భాగం ఆయన కంట పడింది. మిగతా సీలింగంతా ఒక ఎత్తు, అదొక ఎత్తు. మధ్యలోంచి నలుదిక్కులా చిమ్మినట్టు గడ్డలు, గడ్డల చివర సన్నటి తోకలు.

"ఇన్నాళ్ళూ నాకు ఆనలేదంటే చూడు! చూడగా చూడగా కన్ను పదునెక్కింది" అని మురిసిపోయాడు. చీమలు బారు కట్టి అటే పోతుంటే, "చీమలకున్న కళాదృష్టి కూడా నీకు లేదు" అన్నాడు.

ఆవిడ కూరగాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు.

వానలు మొదలయ్యాక ఆయాసం ముదిరింది. పడుకుంటే ఊపిరాడక, ఆవిడ గోడకు జారగిలబడి కునుకు తీసేది. రంగులు వేయించే కాంట్రాక్టులు చేసే ఆవిడ తమ్ముడు ఉండబట్టలేక వచ్చాడు.

"బావా, మా మనుషుల్ని పంపిస్తాను. ఇల్లంతా గీకించి నున్నగా చేయిస్తాను. అక్క బాధ చూడలేకపోతున్నా."

"మీ అక్కకు మందులు మార్పిద్దాం. సీలింగ్ మార్చేది లేదు" అన్నాడు బావ.

ఇక అత్తగారికి ఒళ్ళు మండింది.

"ఆ వీడియోల పెద్దాయన్నే పిలువు. ఉంచమంటే ఉంచు. గీకమంటే నోరు మూసుకుని గీకించు. ఏమ్మా, నీకు సమ్మతమేనా?"

కోడలు తలూపింది. కొడుకు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. తన గురువు తనకు అన్యాయం చేస్తాడా!

పెద్దాయన టార్చిలైటు, భూతద్దంతో దిగాడు. హాలు చూశాడు. పెదవి విరిచాడు. పడగ్గది చూశాడు. ముక్కు చిట్లించాడు.

"నాసిరకం. నున్నగా పూయడం చేతకాని మేస్త్రి తప్పులు కప్పెట్టుకోవడానికి చేసిన పని ఇది. పాతదల్లా గొప్పదంటే ఎలా నాయనా?"

భర్త మొహంలో నెత్తుటి చుక్క లేదు. భార్య మొహం చేటంతయింది.

"ఒక్కసారి వంటిల్లు చూడండి గురువుగారూ" అని భర్త ఆయన్ని దాదాపు లాక్కెళ్ళాడు.

వంటింట్లో పెద్దాయన తల ఎత్తాడు. ఎత్తిన తల దించలేదు. చాప అడిగి, స్టవ్వు ముందు నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుపొచ్చిందో, నలక పడిందో తెలియలేదు.

"ఇది ఆ మేస్త్రి చెయ్యి కాదు. ఎవరో మహానుభావుడు. లోపల అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. ఆ ఊపు చూడండి! ఇలాంటిది మనిషి కావాలని చేసినా రాదు."

"నే చెప్పలా!" అన్నాడు భర్త.

"గీకుడు మొదలుపెడితే ఆ అదురుకి ఇది రాలిపోతుంది. అందుకని ఇల్లంతా ఇలాగే ఉంచండి. ఇదే లేకపోతే మిగతా చెత్తంతా నేనే దగ్గరుండి గీకించేవాణ్ణి."

భర్త మీసం దువ్వుకున్నాడు. "విన్నావుగా? ఇప్పటికైనా నోరు మూసుకుంటావా?"

భార్య ఓపిగ్గా దగ్గు ఆపుకుంది. ఫోన్ తీసి తమ్ముడికి చేసింది.

"మీ వాళ్ళను పంపించరా. ఇవాళే."

"నీకేమన్నా మతి పోయిందా? గురువుగారు ఏం చెప్పారు?" భర్త గుడ్లురిమాడు.

ఆవిడ ఆయనకేసి చూడనైనా చూడకుండా, చాప మీంచి లేస్తున్న పెద్దాయనకు చెయ్యి అందించింది.

"మీరన్నది అక్షరాలా నిజం బాబాయి గారూ, అది మేస్త్రి చెయ్యి కాదు, కిందటి వేసవిలో కుక్కర్ మూత ఎగిరిపోయి బంగాళాదుంపలు పైకి కొట్టుకుని అంటుకుపోతే, ఎంత గీకినా రాక, ఈయన కంట పడితే ఏడాదంతా దెప్పుతారని నేనే తెల్లరంగు పూసేశాను."