ఐదా, తొమ్మిదా?

"అవి ఐదా, తొమ్మిదా?" కుట్టు మిషన్ టక్కున ఆపి అడిగింది ఆవిడ.

"ఏవి?" చదువుతున్న పేపరు దించకుండానే అన్నాడు మొగుడు.

"డాల్ఫిన్లు. పెళ్లయిన కొత్తలో ఓడెక్కి షికారుకెళ్లాం కదా, అప్పుడు నాతో ఐదన్నారు. ఇందాక ఫోన్లో అమ్మాయికి తొమ్మిదని చెబుతున్నారు."

"ఇరవై రెండేళ్లయింది. ఎన్నని గుర్తుంటాయి?"

"పక్కన ఎవరైనా ఉంటే లెక్క తప్పుతుంది లెండి."

ఆ అనుమానం ఇన్నేళ్లూ ఆవిడ మనసులో నలుగుతూనే ఉంది. ఓడలో ఉన్న నాలుగు రోజులూ ఆవిడకు ఒకటే వాంతులు. కొత్త మొగుడు తన అవతారం చూడకూడదని, పొద్దున్నే ఆయన్ని బయటికి పంపి గది గడియ పెట్టుకునేది. ఆయన సాయంత్రం వచ్చి సముద్రం కబుర్లు చెప్పేవాడు.

"ఎవరావిడ?" సూటిగా అడిగేసింది.

ఆయన పేపరు మడిచాడు. "ఆవిడా లేదు, డాల్ఫిన్లూ లేవు. నేనసలు పైకే వెళ్లలేదు."

"మరి రోజంతా ఎక్కడ ఏడ్చారు?"

"నీ గది గుమ్మం ముందే. నువ్వు లోపల కళ్లు తిరిగి పడితే నాకు వినపడాలి కదా. ఆ కబుర్లన్నీ ఓడవాళ్లిచ్చిన పుస్తకంలోవి."

"నమ్మమంటారా? అయితే ఆ తలుపెలా ఉంటుందో చెప్పండి."

"నాలుగు వందల పదిహేడు. ఏడు అంకెకి మేకు ఊడి వేలాడేది. నేల మీద పడుకుంటే కింద సందులోంచి నీ పసుపు చెప్పులు కనిపించేవి. ఒకటి బోర్లా పడి ఉండేది."

ఆవిడ మెల్లగా మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

"అమ్మాయికి తొమ్మిదనే చెప్పండి. నేనూ చూశానంటాను."