డ్రైవరు వైపు తలుపు

"నువ్వు ముట్టుకోకు బాలా, రబ్బరు చిరుగుతుంది" అన్నాడు అచ్యుతరావు, కారు తలుపుని రెండు చేతులా పట్టుకుని, ఒక కాలు టైరుకి తన్నిపెట్టి.

తలుపు కదల్లేదు. సౌదీ ఉత్తరాన తబూక్ ఊరి చలికి ఆయన ముక్కు ఎర్రబడింది, మఫ్లరు జారిపోయింది. పక్కన నిలబడ్డ భార్య బాలామణి మొహంలోకి ఎంత దిగులు తెచ్చుకోవాలో అంతా తెచ్చుకుంది. తెచ్చుకోక ఏం చేస్తుంది పాపం? నిన్న సాయంత్రం ఆ తలుపు రబ్బరుని తడిగుడ్డతో చుట్టూ తడిపింది ఆవిడే మరి.

తప్పే, కాదనం. కానీ ఆవిణ్ణి అంతదాకా తెచ్చింది ఆయనే. డ్రైవింగు స్కూలుకి వెళ్ళి, పరీక్ష పాసై తెచ్చుకున్న లైసెన్సు బీరువాలో చీరల కింద పడుంది. ఇన్నాళ్ళకి ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. వచ్చే ఆదివారం, అక్కడ వారం మొదలయ్యేది ఆ రోజే, చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ప్రిన్సిపాల్ ఖాలిదా మర్యాదగానే చెప్పింది. స్కూలు వ్యాను వీళ్ళ వైపు రాదు. పొద్దున ఆయన్ని కంపెనీ గేటు దగ్గర దింపేసి కారులో స్కూలుకి పోవచ్చు, దారి కూడా అదే. ఆ సంగతి ఎత్తితే చాలు, ఆయన "చూద్దాంలే" అని ఫోనులోకి తల దూర్చేవాడు. "చూద్దాంలే" అంటే అర్థమేమిటో పెళ్ళయిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది.

దీనికంతటికీ మూలం ఖాదర్ ఇంట్లో విందు. తోటి ఇంజనీరు ఖాదర్‌ని భార్య జబీ కారులో తిప్పుతోందని తెలిసి, బిర్యానీ పళ్ళేల ముందు పదిమందిలో అచ్యుతరావు మీసం దువ్వాడు.

"నేనుండగా నా స్టీరింగు ఇంకొకళ్ళ చేతికి పోదు" అన్నాడు.

ఖాదర్ ఊరుకునే రకం కాదు. ఆ మాట పట్టుకుని కలిసినప్పుడల్లా గుర్తుచేసేవాడు. అంత మాటన్నాక మనిషి వెనక్కెలా వస్తాడు?

ఉపాయం మాత్రం దానంతటదే దొరికింది. ఆమధ్య దుమ్ముగాలి రేగిన ఒక సాయంత్రం, మురికిగా ఉందని బాలామణి డ్రైవరు వైపు తలుపు కడిగింది. తెల్లారేసరికి రబ్బరుకీ రేకుకీ మధ్య నీళ్ళు గడ్డకట్టి తలుపు బిగుసుకుపోయింది. రెండో పక్క తలుపు వచ్చింది గానీ, అటునుంచి దూరబోతే ఆయన పొట్ట గేరు దగ్గరే ఆగిపోయింది. సన్నటి మనిషి బాలామణి అటునుంచే జారుకుంటూ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. హీటరు వేసి మంచు కరిగేదాకా ఆగుదామంటే ఆయనకి డ్యూటీ టైమవుతోంది.

"సరే, ఇవాళ ఒక్కరోజుకే" అన్నాడు.

ఆ ఒక్కరోజు రోజూ వచ్చింది. సాయంత్రం స్టీరింగు ఆయనది, పొద్దున ఆవిడది. పక్క సీట్లో ఆయన ఇడ్లీ డబ్బా ఖాళీచేసి, హీటరు వెచ్చదనానికి ఓ కునుకు తీసేవాడు. గేటు దగ్గర ఖాదర్ కనబడితే మాత్రం, అడక్కముందే తలుపు గడ్డకట్టిన కథంతా నలుగురికీ వినబడేలా చెప్పేవాడు.

మెకానిక్ దిలావర్ మందు చెప్పాడు. వేడినీళ్ళు పొయ్యొద్దు, అద్దం పగులుతుంది, ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి. రబ్బరు పొడిగా తుడిచి, నీళ్ళు అంటకుండా సిలికాన్ స్ప్రే కొట్టి పెట్టాలి. అచ్యుతరావు ఆ డబ్బా కొని తెచ్చి, ఇంటిపని కింద జమకట్టి భార్య చేతిలో పెట్టాడు. బాలామణి మూడు తలుపులకి శ్రద్ధగా కొట్టింది. నాలుగోదానికి మామూలుగా తడిగుడ్డే.

ఒకరోజు మబ్బు పట్టి, చలి తగ్గింది. అద్దం మీద కూడా మంచు లేదు. ఇక పథకం పాడైనట్టే. కానీ ఆయన ఎంత గుంజినా తలుపు రాలేదు. రబ్బరు సందుల్లో మంచు కరగలేదు కాబోలు అనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

శనివారం సాయంత్రం ఆయన చొక్కా విప్పి, బామ్ రాయమని కూర్చున్నాడు.

"ఆ తలుపు నా భుజం తీసేసిందే" అని మూలిగాడు.

రాస్తుంటే బాలామణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం కోసం మొగుడి భుజం విరగ్గొడతావా అని తన్ను తనే తిట్టుకుంది. పోతే పోయింది ఉద్యోగం, ఇంకెప్పుడూ ఈ పని చెయ్యకూడదనుకుంది. చీకటి పడకముందే కిందికి దిగి, డ్రైవరు వైపు రబ్బరు పొడిగుడ్డతో ఒత్తి తుడిచి, సిలికాన్ రెండుసార్లు కొట్టింది. తలుపు తీసి, వేసి చూసింది. కొత్తదానిలా ఆడుతోంది.

ఆదివారం పొద్దున లంచ్ బాక్సు, టీచరు పుస్తకం పట్టుకుని కారు పక్కన నిలబడింది. నిలబడిందే గానీ ఆశ లేదు. ఇప్పుడాయన తలుపు తీస్తాడు, స్టీరింగు ముందు కూర్చుంటాడు, అంతటితో సరి. కాలు టైరుకి తన్నిపెట్టాడు అచ్యుతరావు. పళ్ళు బిగించి, మొహం ఎర్రబడేలా గుంజాడు. మళ్ళీ గుంజాడు. భుజం పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"లాభం లేదు బాలా, రాయిలా బిగుసుకుంది. ఈ చలి తగ్గేదాకా నువ్వే నడపాలి, ఏం చేస్తాం" అని, ఇడ్లీ డబ్బా చంకలో పెట్టుకుని రెండో పక్కకి నడిచాడు.

బాలామణి తలుపు వంక చూసింది. ఆయన కారు వెనక్కి వెళ్ళేదాకా ఆగి, చెయ్యి చాపింది.

చిటికెనవేలు తగిలించి లాగితే తలుపు తెరుచుకుంది.