కెప్టెన్ భోజనాల బల్ల

“మళ్లీ తీస్తామని చెప్పి పాత అంతరిక్షం సినిమాల ప్రాణమే తీసేశార్రా,” అన్నాడు ప్రవీణ్, భీమవరంలోని తమ ఇంటి వరండాలో కూర్చుని. “అప్పుడు అంతరిక్ష నౌకలో కెప్టెనూ, ఇంజన్ తుడిచేవాడూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. ఇప్పుడు కెప్టెన్‌కి వేరే గదంట.”

“గ్రాఫిక్స్ బాగున్నాయి కదరా,” అన్నాడు స్నేహితుడు ఎజ్రా.

“గ్రాఫిక్స్ ఎవడిక్కావాలి? అందరూ సమానమనేదే అసలు కథ.”

ప్రవీణ్ తల్లి జానకీదేవి టీ తెచ్చింది. కొడుక్కి స్టీలు గ్లాసు, ఎజ్రాకి పేపర్ కప్పు. “వేడిగా ఉంది బాబూ, జాగ్రత్త,” అని ఆప్యాయంగా చెప్పి లోపలికెళ్లింది.

కాలేజీ రోజుల నుంచీ ఎజ్రా ఇక్కడ టీ తాగుతూనే ఉన్నాడు. ఆ కప్పు ప్రవీణ్‌కి ఇవాళే కనబడింది.

“మా తాతకి కొబ్బరిచిప్పలో పోసేవారంట,” అన్నాడు ఎజ్రా, నవ్వుతూనే.

ప్రవీణ్ తన గ్లాసు అతని వైపు జరిపాడు.

“వద్దులేరా. మళ్లీ మీ అమ్మగారు ఆ గ్లాసు విడిగా పెట్టుకోవాలి.”