ఆరు ఎమ్మెల్

“జ్వరం మందు మూతతో పోసెయ్యమ్మా, ఒళ్ళు కాలిపోతోంది!”

గంగాధరరావు కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతున్నాడు. రోజూ జాలర్ల దగ్గర తూకం వేసి చేపలు కొనే ఆ వరండాలోనే, చాప మీద రెండేళ్ళ మనవరాలు సాయిదుర్గ మూలుగుతోంది. కిందటిసారి జ్వరానికి పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఆ భయం ఆయన్ని నిలవనివ్వడం లేదు.

“మూతలూ చెంచాలూ కాదండీ, బరువుని బట్టి పొయ్యాలి,” అంది నర్సు సుచిత్ర. “కేజీకి పదిహేను మిల్లీగ్రాములు. తక్కువైతే జ్వరం దిగదు, ఎక్కువైతే లివరుకి ముప్పు. బందరు ఆసుపత్రికి వెళ్ళడానికి ఆటో వచ్చేలోపు ఒక డోసు పడాలి. నా బరువు మిషను సెంటర్లో ఉండిపోయింది. పాప బరువెంత?”

ఆయనకు తెలియదు. పిల్ల తల్లి పామర్రులో పెళ్ళికెళ్ళింది, ఫోనెత్తడం లేదు.

“ఎదురుగా కాటా పెట్టుకుని ఆలోచనేంటమ్మా!” పొద్దున్న ఆయనకే చేపలు అమ్మి, పిల్లకి బాలేదని ఆగిపోయిన వీరలక్ష్మి లేచింది. రేవులో ఎవరి మాటకైనా ఎదురుంటుందేమోగానీ, గంగాధరరావు కాటా మాటకు లేదు.

“చేపల కాటా మీద పసిపిల్లనేంటి?” కసిరాడు గంగాధరరావు.

“శుభ్రంగా కడిగాను బావగారూ.” వీరలక్ష్మి పిల్లను తెచ్చి పళ్ళెంలో కూర్చోబెట్టింది. ఎర్ర అంకెలు పది దగ్గర ఆగాయి.

“సరిగ్గా చూపిస్తుందా?” అడిగింది సుచిత్ర.

గంగాధరరావు నోరు తెరిచేలోపే వీరలక్ష్మి నవ్వింది. “పొద్దున్న నా పండుగప్ప చేప బరువు తగ్గిందేంటంటే, కాటా సరిగ్గానే ఉందని బావగారు మనవరాలి మీద ఒట్టేసి చెప్పారమ్మా. ఇంకేం కావాలి?”

“పది కేజీలకి నూట యాభై మిల్లీగ్రాములు. ఈ సీసాలో అయిదు ఎమ్మెల్‌కి నూట పాతిక. అంటే ఆరు ఎమ్మెల్.” సుచిత్ర సిరంజిలోకి మందు లాగింది.

“ఇంకొంచెం పొయ్యకూడదా?”

“లెక్క చెప్పాను కదా బాబాయిగారూ. నా మీద నమ్మకం లేదా?”

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, వీధిలోకి చూశాడు, మళ్ళీ పిల్ల దగ్గరికి వచ్చాడు. అంతలో పిల్ల చెయ్యి ఒక్కసారి అదిరింది.

సుచిత్ర సిరంజి పిల్ల పెదవులకు ఆనించింది. గంగాధరరావు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వీరలక్ష్మి వంక చూడలేక తల దించుకున్నాడు.

“కాటా కిలోకి రెండొందల గ్రాములు తక్కువ చూపిస్తుందమ్మా.”