ముందు బెంచీ

“ఆ గైడు ముయ్యమ్మా. పంటు దిగేలోపు కొత్తగా బుర్రకెక్కేదేం ఉండదు.”

లక్ష్మీదుర్గకి ఒళ్ళు మండిపోయింది.

సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటెక్కిన దగ్గర్నుంచీ ఇదే గోల. పక్కన నిలబడ్డావిడ ఎవరో ఏంటో తెలీదు. నలభైకి దగ్గర పడ్డ మనిషి, చంకలో గుడ్డసంచీ. సలహాలివ్వడమంటే ఎంత సరదానో ఈ జనానికి!

“పదో తరగతి లెక్కలేనా?” అందావిడ మళ్ళీ.

“ఆయ్. మార్చిలో పోయిందండి. ఈసారీ పోతే రొయ్యల షెడ్డుకి పొమ్మన్నాడు మా నాన్న.”

ఆవిడ తన వేళ్ళకేసి చూసుకుంది. షెడ్డులో ఐసుకి నానీ నానీ తోలు లేచిపోయిన వేళ్ళవి.

“అక్కడికి నువ్వెళ్ళకూడదు” అంది గట్టిగా. “విను. ముందు పేపరంతా చదువు. వచ్చినవి రాసెయ్. రానిదాని దగ్గర కూర్చున్నావో, కొంప మునిగినట్టే. నాకలాగే మునిగింది.”

“మీ అమ్మాయి కూడా రాస్తందాండి?”

ఆవిడ సిగ్గుగా నవ్వి, చంకలో సంచీ సర్దుకుంది.

నరసాపురం రేవులో దిగి సంచీ తడుముకున్న లక్ష్మీదుర్గ ఘొల్లుమంది. హాల్ టికెట్ లేదు! పొద్దున్నే దేవుడి పటం ముందు పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని... అక్కడే వదిలేసి వచ్చేసింది. కబురు చేద్దామంటే ఇంట్లో ఫోనా, పాడా!

“ఇల్లెక్కడ?” అందావిడ.

“అవతల రేవు పక్కనేనండి. అబ్బులు గారిల్లంటే ఎవరైనా చెప్తారు.”

“నువ్వెళ్తే పరీక్షకి అందవు. సెంటర్‌కి పోయి సంగతి చెప్పు, కాళ్ళయినా పట్టుకో. ఇదే పంటు మీద నేను వెనక్కెళ్ళి పట్టుకొస్తాను.”

“మీకెందుకండీ శ్రమ...”

“పరిగెత్తు!”

హాల్లో మాస్టారు కసిరారు. “గంటలో టికెట్ రాకపోతే పేపర్ లాగేస్తాను” అని కూర్చోబెట్టారు.

ముందు బెంచీ ఖాళీగా ఉంది. ఎవరో భయపడి మానేసుంటారనుకుంది లక్ష్మీదుర్గ.

మొదటి లెక్క దగ్గరే పెన్ను ఆగిపోయింది. మార్చిలో ముంచింది ఇలాంటిదే.

రానిదాని దగ్గర కూర్చోకు.

దాటేసింది. పేపరంతా చదివింది. అమ్మో, వచ్చినవి ఇన్నున్నాయా! పంతం పట్టి ఒక్కోటీ రాసుకుంటూ పోయింది. మధ్యలో అటెండరొచ్చి కుంకుమ మరకల హాల్ టికెట్ బెంచీ మీద పెట్టినా తలెత్తలేదు. వదిలేసిన లెక్క ఆఖర్న పట్టుకుంటే, అదీ లొంగింది.

బెల్లు కొట్టారు. పాసైపోతానని తనకి తెలిసిపోయింది. ఇప్పుడావిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలి!

“సార్, నా హాల్ టికెట్ తెచ్చినావిడ బయటున్నారాండి?”

“వెళ్ళిపోయింది. మీ బంధువా?”

“కాదండి. పేరు కూడా అడగలేదు.”

మాస్టారు పేపర్లు కట్టడం ఆపారు.

“అరగంట దాటితే ఎవర్నీ లోపలికి రానివ్వకూడదమ్మా, రూలు. పాపం, ఆవిడ రొప్పుకుంటూ గేటు దగ్గరికొచ్చేసరికి ఆ టైము దాటిపోయింది. చేతిలో రెండు హాల్ టికెట్లున్నాయిట. నీది లోపలికి పంపించారు.”

“రెండోదండి?”

ఆయన ఖాళీగా ఉన్న ముందు బెంచీ మీద చెయ్యేశారు.

“ఇక్కడ కూర్చుని పరీక్ష రాయాల్సిన అచ్చాయమ్మది.”