మూడో బాటసారి

"ఆపండి!" అని అరిచింది చిహయా.

టోక్యో శివారులో ఒక బజారు వీధి. టీవీ సీరియల్ ఆఖరి ఎపిసోడ్ షూటింగ్. దుకాణాలు తెరిచేలోగా సీను అయిపోవాలి. అసిస్టెంట్ డైరెక్టరుగా ఆ హడావుడంతా చిహయా నెత్తినే ఉంది.

"మూడో బాటసారీ! మిమ్మల్నే. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఎందుకాగారు?"

ఉల్లికాడల సంచి పట్టుకున్న ముసలాయన తల వంచాడు. డెబ్బై దాటి ఉంటాయి. కథానాయిక వెనక నుంచి వీధి చివరిదాకా నడిచి వెళ్ళిపోవడమే ఆయన పని. కెమెరాకి వీపు తప్ప ఇంకేమీ కనపడదు.

"చెయ్యి మార్చుకున్నానమ్మా."

"నాలుగు ఉల్లికాడలకే చెయ్యి నొప్పెట్టిందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"బరువని కాదమ్మా. ఒక్కోసారి మనిషికి ఆగాలనిపిస్తుంది. కానీ వెనక్కి తిరిగి చూడలేడు. అప్పుడు చేతిలో సంచే సాకు."

చిహయాకి ఒళ్ళు మండింది. ఆ కదలిక ఎక్కడిదో ఆమెకి తెలియదా!

ఇరవయ్యేళ్ళ కిందటి సీరియల్. కూతుర్ని రైలెక్కించి, తండ్రి మంచులో ఒంటరిగా తిరిగి వెళ్తుంటాడు. మూడో అడుగులో ఆగుతాడు. మూటని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంటాడు. వెనక్కి మాత్రం తిరగడు.

ముఖం చూపించకుండా దేశాన్నంతా ఏడిపించాడని ఆ తండ్రి వేషం వేసిన కురమొచి అనే హీరోని పత్రికలు ఆకాశానికెత్తాయి. పదకొండేళ్ళ చిహయా ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పెద్దయ్యాక ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ, ఈ రంగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారన్న ప్రశ్న కింద ఆ వీపు గురించే రెండు పేజీలు రాసింది.

"కురమొచి గారిని కాపీ కొడుతున్నారా? ఆ పప్పులు నా దగ్గర ఉడకవు. మీరు బాటసారి. నడవండి, చాలు."

ముసలాయన మెల్లగా నవ్వాడు.

"అలాగేనమ్మా."

ఈసారి ఎక్కడా ఆగకుండా నడిచాడు. సీను ఓకే అయింది.

సంచి అప్పగించి, ఆయన మళ్ళీ చిహయా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఒక చిన్న మాట. ఈ పనిలో నాకిదే ఆఖరు రోజు. నలభై ఆరేళ్ళయింది. ఇవాళే అకితాలో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను."

"మంచిది తాతగారూ. ఏం కావాలి?"

ఆయన కాస్త సిగ్గుపడ్డాడు.

"నటుల ఆఖరి సీను అయిపోగానే మీరు పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు కదమ్మా, ఫలానావారి పని దీనితో సంపూర్ణం అని. అందరూ చప్పట్లు కొడతారు, పూలిస్తారు. నాకు పూలు వద్దు. పేరు ఒక్కసారి పిలిస్తే చాలు. నా పేరు..."

"తాతగారూ!" చిహయా గడియారం చూసుకుంది. "బాటసారులే పన్నెండు మంది ఉన్నారు. అందరి పేర్లూ పిలుస్తూ కూర్చుంటే ఇక్కడే పొద్దుగూకుతుంది. మినాసె గారి ఆఖరి సీను ఉంది. కొంచెం తప్పుకోండి."

ఆయన తప్పుకున్నాడు. నడుం వంచి నమస్కరించి మరీ తప్పుకున్నాడు.

కథానాయిక మినాసె ఆ సీరియల్‌లో ఆఫీసులు ఊడ్చే మనిషి. ఆఖరి డైలాగు ఆమెదే.

"ప్రతి మనిషికీ ఒక పేరుంటుంది. ఒక్కసారి పిలిచి చూడండి."

యూనిట్ అంతా కళ్ళు తుడుచుకుంది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది చిహయానే.

"మినాసె గారి పని దీనితో సంపూర్ణం!" అని గొంతు చించుకుని అరిచింది. పూలగుత్తి ఇచ్చారు. చప్పట్లు మోగాయి. గుంపు చివర నిలబడి ముసలాయన కూడా కొట్టాడు.

తర్వాత భోజనాల డబ్బాలు పంచారు. చిహయా వెళ్ళి ఉషియామా పక్కన కూర్చుంది. నలభై ఏళ్ళుగా లైట్లు వేస్తున్న మనిషి ఆయన.

"పొద్దున చూశారా బాబాయ్, ఆ తాత వేషాలు? కురమొచి గారి వీపునే కాపీ కొట్టబోయాడు!"

ఉషియామా నోటిదాకా వెళ్ళిన ముద్ద ఆగిపోయింది.

"కాపీయా? పిచ్చిపిల్లా, కురమొచి ఆ రోజు ఆ మంచులోకి వస్తే కదా! జ్వరమని హోటల్లో పడుకున్నాడు. కోటూ టోపీ ఈయనకి తొడిగి కానిచ్చేశాం."

"ఈయనకి అంటే..."

"నువ్వు చీవాట్లు పెట్టావే, ఆయనకే. చెయ్యి మార్చుకోమని కూడా ఎవరూ చెప్పలేదు. తనకై తనే చేశాడు. బయట అనొద్దన్నారు పెద్దలు. మేమూ అనలేదు, ఆయనా అనలేదు."

చిహయా డబ్బా కింద పెట్టేసింది.

"ఆయన పేరేంటి బాబాయ్?"

"పేరా?" ఉషియామా తల గోక్కున్నాడు. "మేమంతా వీపుగారూ అనే పిలిచేవాళ్ళం."

చిహయా పరిగెత్తింది.

వీధి చివర, బస్సు వైపు ఒక గుడ్డసంచితో వెళ్తున్నాడాయన. అడుగు, మరో అడుగు. మూడో అడుగులో ఆగాడు. సంచిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు.

వెనక్కి తిరగలేదు.

పిలవాలని నోరు తెరిచింది చిహయా. చేతిలో నలిగిన షూటింగ్ కాగితం విప్పి గబగబా వెతికింది. ఆయన పేరుండాల్సిన చోట 'బాటసారి 3' అని ఉంది. రాసింది తనే.

తలెత్తేసరికి ఆయన ఎక్కేశాడు, బస్సు తలుపు మూసుకుంది.

తనని ఈ రంగంలోకి పిలిచిన మనిషిని, చిహయా ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేకపోయింది.