బుచ్చన్న గుంట మీద అర్జీ

మలేరియా ఇన్‌స్పెక్టర్ శివకుమార్ పొడవాటి గరిటెను గుంట నీళ్లలో ముంచాడు. గట్టు మీద నిలబడ్డ బుచ్చన్న రెప్ప వేయకుండా గరిటె వైపే చూశాడు.

అయిజ రోడ్డు పక్కనున్న ఆ ఊళ్లో ఇంటికొకరు జ్వరంతో మంచం పట్టారు. బుచ్చన్న మనవరాలు రేఖకైతే జ్వరం మరీ ముదిరింది. పది రోజులు గద్వాల దవాఖానలో ఉండి రేపే ఇంటికొస్తోంది. ఈ దోమలన్నీ బుచ్చన్న చేపల గుంటలోనే పుడుతున్నాయని పేరు లేని అర్జీ ఒకటి పైకి వెళ్లింది. ఒక్క దోమ పురుగు కనబడినా గుంట ఖాళీ చేయించాల్సిందే. ఇంకో రెండు నెలల్లో పట్టాల్సిన చేపలు మట్టిపాలవుతాయి.

చూడొచ్చిన జనమంతా బుచ్చన్నతో పడని పక్కింటి నాగప్ప వైపే అనుమానంగా చూశారు.

"నా పిల్లల మీద ఒట్టు, నేను పెట్టలే!" అని మొత్తుకున్నాడు నాగప్ప.

శివకుమార్ గరిటెలోని నీళ్లు తెల్ల పళ్లెంలో పోసి వంగి చూశాడు. ఏమీ లేదు. మళ్లీ ముంచాడు. అంచులన్నీ తిరిగి ముప్పైసార్లు ముంచాడు. పాపం, ఆయన నడుము పట్టేసింది గానీ ఒక్క పురుగు దొరకలేదు.

"ఏందయ్యా, అంచుకు గడ్డి పోచ లేదు, పాచి లేదు! కోళ్ల ఎరువు ఎయ్యవా?"

"వారం సంది బంద్ పెట్టిన సార్. నీళ్లు చెడితే చేపలు దోమ పురుగుల్ని ముట్టయి. అవి కడుపు మాడ్చుకుంటే దోమలకు పండగే గద."

"మేమొస్తమని ముందే తెల్సినట్టున్నదే!"

బుచ్చన్న పళ్లెం అందుకుని కడగసాగాడు.

అర్జీ వచ్చాక ఊరికే తిరిగిపోవడానికి లేదు. పురుగులు ఎక్కడున్నాయో వెతికి రాయాలి. శివకుమార్ గరిటె పట్టుకుని ఊళ్లోకి నడిచాడు. బుచ్చన్న ఇంటి ముందు పూడిపోయి, మురుగు నల్లగా నిలిచిన మోరీలో ముంచాడు. ఒక్క గరిటెకే పళ్లెమంతా లుకలుకలాడింది.

"వామ్మో!" అంటూ ఫోను తీశాడు.

మధ్యాహ్నానికల్లా జేసీబీ వచ్చింది. పొద్దుగూకేసరికి మోరీలో నీళ్లు కదిలి పారాయి. వీధి వీధంతా నిలబడి జాతర చూసినట్టు చూసింది.

బుచ్చన్న పెళ్లాం జములమ్మ కోపం మాత్రం చల్లారలేదు.

"పురుగులు దొరకలే గాబట్టి సరిపాయె. దొరికుంటే మన బతుకేమయ్యేది? గా అర్జీ రాసినోని చెయ్యి పడిపోను!"

"తిట్టకే," అన్నాడు బుచ్చన్న మెల్లగా. "మోరీ తియ్యుండ్రని ఆర్నెల్లు తిరిగి ఏడు అర్జీలిస్తె ఒక్కడు రాలే, నా గుంట మీద నేనే ఒక్కటి రాస్తె మూడో రోజుకే ఉరికొచ్చిండ్రు."